పలకల మీద గోనెపట్టాలు

ధరూరు,
18 ఫిబ్రవరి 2025

తమ్ముడు ఇస్రాయేలుకు అక్క సరోజ వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నీ మోకాలు ఎట్లా ఉంది? మన్ననూరుకు దిగినప్పుడైనా ఫోన్ చేయమంటే చేయవు. ఫోన్‌లో మాట్లాడితే మధ్యలో ఎవరో వింటారని నీ అనుమానం. ఇద్దరు ముసలివాళ్ల మోకాళ్ల నొప్పులు విని ఎవడు బాగుపడతాడో నాకు అర్థం కాదు. సరే, ఉత్తరమే రాస్తున్నా. అంగన్‌వాడీలో ముప్పయి ఏళ్లు రిజిస్టర్లు రాసిన చెయ్యి ఇది, రిటైరయినా ఊరుకోదు.

సంగతి ఏమిటంటే, మన మిద్దె మీద సోలార్ పెట్టించాను. ఆరు పలకలు. పోయిన మే నెలలో మీ బావకు వడదెబ్బ తగిలి గద్వాల దవాఖానలో నాలుగు రోజులున్న సంగతి నీకు తెలిసిందే. అప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఎండకాలం పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా చల్లటి గదిలనే ఉంచాలె. ఇంకోపారి తగిలితే నా చేతిల ఉండదు" అంది. కూలర్ కొన్నాను. కానీ మీ బావ కూలర్‌ను ఉండనిస్తేనా? బిల్లు ఎక్కువొస్తుందని, నేను అటు తిరగగానే టక్కున ఆపేసి చెమటలో కూర్చుంటాడు. కూలి చేసి బతికిన మనిషి, ఊరికే తిరిగే ఫ్యాను చూసినా ప్రాణం ఒప్పదు. అందుకే సోలార్. ఇప్పుడు వరండాలో ఒక డబ్బా పెట్టారు, అందులో ఈ రోజు ఎన్ని యూనిట్లు పండిందో కనిపిస్తుంది. ఆ అంకె చూసుకుని ఆయనే కూలర్ వేసుకుంటున్నాడు. "మనింటి కరెంటే కదా" అంటాడు.

వనపర్తి కంపెనీ నుంచి ఒక అబ్బాయి వచ్చి బిగించాడు. పనిమంతుడు. చెప్పులు కింద విడిచి మిద్దె ఎక్కాడు, నా వడియాల చాప పక్కకు జరిపి మళ్లీ ఉన్నచోటే పరిచి పోయాడు.

పిల్లల బరువు రాసే కార్డులు నా పెట్టెలో మిగిలిపోయాయి కదా, ఒక దాని మీద రోజూ యూనిట్లు గుర్తు పెడుతున్నాను. పన్నెండు, పన్నెండున్నర. గీత పచ్చరంగులో ఉంది. బిడ్డ ఆరోగ్యంగా ఉందన్నమాట.

నీ అక్క
సరోజ

*

మన్ననూరు అడవి, బేస్ క్యాంపు
3 మార్చి 2025

అక్కకు, బావకు ఇస్రాయేలు వందనాలు.

నీ ఉత్తరం రేషన్ జీపులో వచ్చింది. రెండుసార్లు చదివాను. ఒక్క మాటైనా నన్ను అడగకుండా పెట్టించావు. నేను ఇరవై రెండేళ్లుగా ఈ అడవికి వాచర్‌గా, సోలార్ కింద బతుకుతున్నవాణ్ని. క్యాంపు రేకుల మీద ఒక పలక, దాని కింద ఒక బ్యాటరీ, దాని మీద వైర్‌లెస్ సెట్టు. ఈ అడవిలో నా గొంతు రేంజి ఆఫీసుకు చేరేది ఆ పలక పుణ్యానే. నీ ఉత్తరంలో బ్యాటరీ అన్న మాటే లేదు. బ్యాటరీ లేని సోలార్ ఏమిటక్కా? అక్కడే నాకు అనుమానం వచ్చింది.

ఇంకొకటి. ఆ డబ్బాకు బొటనవేలంత పుల్ల ఏదైనా తగిలించారా? ఈ మధ్య మా నీళ్ల పంపుకు అట్లాంటిదే పెట్టారు, దాంతో హైదరాబాదులో కూర్చుని ఇక్కడి సంగతి చూస్తారట. మీరు ఇంట్లో ఉన్నదీ లేనిదీ కూర్చున్నచోటే తెలిసిపోతుంది. పీకి పక్కన పెట్టు.

మూడోది, పలకల వెనక నీ గుర్తు వేయి. మేకలకు చెవి గుర్తు పెడతాం కదా, అట్లా. రేపు రిపేరని వచ్చి మంచివి దించుకుపోయి పాతవి బిగిస్తే నీకేం తెలుస్తుంది? పనిమంతుడన్నావు. పని తెలిసినవాడికే మార్చడమూ తెలుస్తుంది.

ఇదంతా పడి నేర్చుకున్నాను. తొమ్మిదేళ్ల కింద నా కొడుకు సెలవులకు ఇక్కడికి వచ్చి ఏం చేశాడో నీకు తెలుసు. వద్దన్నా పలక జోలికి పోయాడు. నేను గస్తీకి పోయినప్పుడు జీపెక్కి మన్ననూరు వెళ్లి సంచి పట్టుకొచ్చాడు. ఏమిటిరా అంటే బ్యాటరీకి నీళ్లన్నాడు. పక్కనే వాగు పెట్టుకుని మన్ననూరు నుంచి నీళ్లు తెచ్చేవాణ్ని ఎవడు నమ్ముతాడు? మూడో రోజుకు బ్యాటరీ కడుపు ఉబ్బి చచ్చింది. మంచిది అమ్ముకుని పాడైనది పెట్టాడు. నాకు మెమో వచ్చింది, ఆరు నెలలు పనిలోంచి తీసేశారు. గుర్తు వేసి ఉంటే ఆ రోజే పట్టుకునేవాణ్ని. ఆ ఉబ్బిన బ్యాటరీ ఇప్పటికీ క్యాంపు గుమ్మం ముందు మెట్టుగా ఉంది. రోజూ దాని మీదే కాలు పెట్టి దిగుతాను. వాడి సంగతి నాకు రాయకు.

ఇప్పుడున్న బ్యాటరీ కూడా అంతంతే. సాయంత్రం ఆరుకు హాజరు చెబితే తెల్లవారి ఆరుకు సెట్టు పలకదు. చేతి సెట్టు పట్టుకుని గుట్టెక్కి చెప్పాలి. మోకాలు అందుకే. డిపార్ట్‌మెంటుకు ఎవరో పుచ్చు సామాను అంటగడుతున్నారు. లోకమంతా ఇంతే.

నీ తమ్ముడు
ఇస్రాయేలు

*

ధరూరు,
20 మార్చి 2025

తమ్ముడికి వందనాలు.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు నిద్ర తక్కువైంది, ఆ పుణ్యం నీదే.

బ్యాటరీ ఎందుకు లేదని ఆ అబ్బాయిని అడిగాను. మన పలకల కరెంటు ఇల్లు వాడుకున్నంత వాడుకుంటుందట, మిగిలింది స్తంభం తీగలోకి పోతుందట, పోయినదంతా మీటరు గుర్తు పెట్టుకుంటుందట. దాచుకోవాల్సిన పని లేదట. లైను పోతే మాత్రం ఇదీ ఆగుతుందని ముందే చెప్పాడు. నువ్వు చెప్పిన పుల్ల ఉంది. పీకేసి బియ్యం డబ్బాలో వేశాను. అబ్బాయి వచ్చి చూసి, అది ఉంటే ఏ పూట ఎంత పండిందో ఫోన్‌లో తెలిసేదని కొంచెం బాధపడ్డాడు. నువ్వు చెప్పాక అతని ప్రతి మాటా నాకు రెండు విధాలుగా వినిపిస్తోంది.

గుర్తులు కూడా వేశాను. మన నాయన మేకల చెవికి వేసిన గుర్తే, చీలిక పక్కన చుక్క. ఎర్రరంగుతో ఒక్కో పలక వెనక వేస్తుంటే మీ బావ నిచ్చెన పట్టుకుని, "అవ్వి మేస్తానికి పోతయా ఏంది సరోజా?" అని నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది.

పక్కింటి కాంతమ్మకు ఇంకో అనుమానం. మన పలకలు ఎండను లాగి, తాగినంత తాగి, మిగిలిన వేడిని ఆమె ఇంటి మీదికి వదులుతున్నాయట. ఆమె రేకులు నిరుటికంటే ఎక్కువ కాలుతున్నాయట. అందరి రేకులూ కాలుతున్నాయి కాంతమ్మా అంటే ఒప్పుకోదు. ఎదురుపడ్డప్పుడల్లా కొంగు నెత్తి మీదికి లాక్కుని పోతోంది.

కార్డు మీద పదమూడు దాటింది. కానీ నిజంగానే నాకో భయం ఉంది. మధ్యాహ్నం పలక మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఇప్పుడే ఇట్లా ఉంటే మే నెలలో ఏమవుతుంది? ఇంత ఎండకు అవి పగలవా? నువ్వు ఇరవై రెండేళ్లుగా చూస్తున్నవాడివి. మీరేం చేస్తారో రాయి.

నీ అక్క
సరోజ

*

బేస్ క్యాంపు
2 ఏప్రిల్ 2025

అక్కకు వందనాలు.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న అడిగావు.

నేను చేరిన కొత్తలో వెంకటన్న అని పాత వాచర్ ఉండేవాడు. ఆయనకు ముందు ఇక్కడున్న పలక ఎండాకాలంలో టప్పుమని పగిలిందట. అప్పటి నుంచి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. పొద్దు నడినెత్తికి రాకముందే పలక మీద గోనెపట్టా కప్పి, నీళ్లు చల్లాలి. పొద్దు వాలాక తీసేయాలి. మంచినీళ్ల కుండకు తడిగుడ్డ చుట్టినట్టే. నేను ఇరవై రెండేళ్లుగా అదే చేస్తున్నాను, మా పలకకు గీత కూడా పడలేదు. నీవి ఆరు కనుక పట్టాలు కుట్టుకోవాలి. పదకొండున్నరకు కప్పు, మూడున్నరకు తియ్యి.

ఈ సంగతి కంపెనీ వాళ్లకు చెప్పకు. వాళ్లు కప్పమని ఎందుకు చెప్పలేదు? పగిలితే కొత్తవి అమ్ముకోవచ్చు. నువ్వు కప్పుతున్నావని తెలిస్తే ఏదో నిబంధన చూపించి గ్యారంటీ లేదంటారు. వాళ్లు వచ్చే రోజు పట్టాలు కనబడకుండా పెట్టు.

బావను జాగ్రత్తగా చూసుకో. ఇక్కడ చెలిమల్లో నీళ్లు అడుగంటాయి, జంతువులు పగలే పంపు దగ్గరికి వస్తున్నాయి.

నీ తమ్ముడు
ఇస్రాయేలు

*

ధరూరు,
27 ఏప్రిల్ 2025

తమ్ముడికి వందనాలు.

బిడ్డ చిక్కిపోతోంది. కార్డు మీద గీత పచ్చ దిగి, పసుపు దాటి, ఎరుపులో పడింది. పదమూడు పండేది ఆరుకు వచ్చింది. ఎండేమో మండిపోతోంది. ఎండ పెరిగితే కరెంటు పెరగాలి కదా? ఇదేం లెక్క?

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. పల్లికాయ సంచులు ఇరవై నాలుగు విప్పి ఆరు పట్టాలు కుట్టాను. పదకొండున్నరకు నాలుగు బిందెల నీళ్లతో మిద్దెక్కుతాను. అరికాళ్లు బొబ్బలెక్కాయి. చెప్పులేసుకుంటే కరిగి అతుక్కుంటున్నాయి. అయినా ఒక్క రోజు తప్పలేదు. ఇంతగా కాపాడుతుంటే కూడా పలకలు నీరసపడుతున్నాయంటే, సామానులోనే లోపం ఉండాలి.

ఆ అబ్బాయి రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ పొద్దున తొమ్మిదింటికే. పట్టాలు మూట కట్టి గడ్డివాములో పెట్టాను. తీగలు చూశాడు, మీటరు పెట్టి చూశాడు, "అన్నీ మంచిగనే ఉన్నయి, నాకే సమజైత లేదు" అన్నాడు. తల గోక్కుంటూ చాలాసేపు కూర్చున్నాడు. నాటకమేమో అని నేను అతని మొహమే చూస్తూ కూర్చున్నాను. కాంతమ్మ గోడ మీది నుంచి, రాయచూరు దిక్కు ఎవరింట్లోనో తీసేసిన పలకలు కడిగి ఇక్కడ అమ్ముతున్నారట అని చెప్పింది. ఎవరు చెప్పారంటే అందరూ చెబుతున్నారంది.

అన్నిటికంటే ఘోరం ఇది. మీ బావ డబ్బాలో అంకె చూసి కూలర్ ఆపేస్తున్నాడు. "పండినంతనే తినాలె కదా" అంటాడు. నేను మిద్దె మీద నీళ్లు చల్లుతుంటే ఆయన కింద చెమటలు కారుస్తూ కూర్చుంటున్నాడు. నాకు భయంగా ఉందిరా.

నీ అక్క
సరోజ

*

బేస్ క్యాంపు
9 మే 2025

అక్కా,

జీపు ఆలస్యమైంది, నీ ఉత్తరం నిన్ననే అందింది. ఇంకా ఆలోచించడానికేముంది? మార్చేశారు. వచ్చినప్పుడల్లా పొద్దున్నే ఎందుకు వస్తాడు? ఎండలో వస్తే లోపం బయటపడుతుందని. తల గోక్కోవడం, సమజైతలేదనడం, నాకు ఈ మాటలు కొత్త కాదు. నా కొడుకు కూడా ఆ బ్యాటరీ ముందు అట్లాగే తల పట్టుకుని కూర్చున్నాడు.

కంపెనీకి ఫిర్యాదు రాయి. పేరు పెట్టి రాయి. పేరు లేకపోతే చెత్తబుట్టలో వేస్తారు. 'మీరు పంపిన మనిషి మంచి పలకలు బిగించినట్టు చూపించి తర్వాత పాతవి పెట్టాడని మాకు అనుమానంగా ఉంది' అని రాసి, నీ సంతకం, బావ సంతకం పెట్టు. నకలు దగ్గర ఉంచుకో. గుర్తులు కూడా చూడు. ఉండవు, రాసిపెట్టుకో.

జాలిపడకు. జాలిపడే నేను ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాను.

ఇస్రాయేలు

*

ధరూరు,
25 మే 2025

ఇస్రాయేలూ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. మధ్యలో చింపకు.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఫిర్యాదు రాశాను. గుర్తులు చూడమన్నావు కానీ ముందు ఫిర్యాదే రాశాను, అంత కోపంలో ఉన్నాను. పేరు పెట్టమన్నావు, పెట్టాను. ఆ పేరు డేవిడ్. మన డేవిడే. నీ కొడుకు.

ఇన్ని నెలలు నీకు దాచాను. వాడు నాలుగేళ్లుగా వనపర్తిలో ఆ కంపెనీలోనే పనిచేస్తున్నాడు. బావకు వడదెబ్బ తగిలిందని తెలిసి, సోలార్ ఆలోచన చెప్పిందీ వాడే. వాడి సంగతి రాయకన్నావు కనుక అబ్బాయి, అబ్బాయి అని రాశాను. తల్లి పోయాక నా చేతి అన్నం తిని పెరిగిన పిల్లవాడిని వట్టి అబ్బాయి అని రాయడం నాకేమీ సులువు కాలేదు. కానీ నీ ఉత్తరాలు చదివీ చదివీ, వాడి మీద నాకూ అనుమానం ఎక్కింది. ఒకసారి చేసినవాడు మళ్లీ చేయడా అనుకున్నాను. సంతకం పెట్టాను. బావ పెట్టనన్నాడు. "ఆ పిలగాడు గట్ల చెయ్యడు" అన్నాడు. ఆయన మాట నేను వినలేదు.

కంపెనీ వాళ్లు వాణ్ని బిగించే పని నుంచి తీసి గోదాములో కూర్చోబెట్టారు. విచారణ అయ్యేదాకా పనిముట్లు ముట్టుకోవద్దన్నారు.

పోయిన బుధవారం నేను మిద్దె మీద పట్టాలు తడిపి దిగి వచ్చేసరికి, మీ బావ మంచం పక్కన ఒరిగిపోయి ఉన్నాడు. కూలర్ ఆపి ఉంది. ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు. కాంతమ్మే పరుగెత్తుకొచ్చి నీళ్లు పోసింది, ఆమె ఆటో పిలిచింది. మళ్లీ గద్వాల దవాఖాన. మూడు రోజులు. బతికాడు. డాక్టరమ్మ నన్ను తిట్టింది, పడ్డాను.

డేవిడ్‌కు ఎవరు చెప్పారో తెలియదు, దవాఖానకు వచ్చాడు. నేను ఫిర్యాదు రాశానని వాడికి తెలుసు. ఆ కాగితం వాడికి చూపించారట. అయినా మామకు కాళ్లు పట్టాడు, మమ్మల్ని ఇంటికి తీసుకొచ్చాడు. వచ్చాక నేను మిద్దెక్కి పలకల వెనక చూశాను. చీలిక, చుక్క. ఆరింటికి ఆరూ ఉన్నాయి. అక్కడే కూర్చుండిపోయాను.

కిందికి వచ్చేసరికి వాడు నా కార్డు చేతిలో పట్టుకుని ఉన్నాడు. గీత పచ్చలోంచి దిగడం మొదలైన చోట వేలు పెట్టి అడిగాడు.

"అత్తా, ఈ దినం ఏమైంది?"

ముప్పయి ఏళ్లు నేను తల్లులను అడిగిన ప్రశ్న అది. బిడ్డ బరువు తగ్గితే ముందు అదే అడుగుతాం. ఆ వారం ఏమైంది, జ్వరమొచ్చిందా, పాలు మాన్పించావా అని. నా కార్డుకు నేనే అడగలేదు. దొంగను వెతకడంలో ఉన్నాను. ఆ తేదీ ఏప్రిల్ పన్నెండు. ఆ ముందు రోజు నీ ఉత్తరం వచ్చింది. పన్నెండున మొదటిసారి పట్టాలు కప్పాను.

చెప్పాను. గడ్డివాములోంచి మూట తెచ్చి వాడి ముందు వేశాను. వాడు ఆ పట్టాల కుట్లు తడిమి చూశాడు. పలకలు తినేది వెలుగును, వేడిని కాదట. ఎండ ముదిరితే కొంచెం నీరసపడతాయట, అంతే. పైన గోనె పడితే వాటికి కూడే ఉండదట. రోజు మొత్తంలో సగం కూడు ఆ నాలుగు గంటల్లోనే ఉందట. బిడ్డకు వేడి చేస్తుందని నేను రోజూ మధ్యాహ్నం అన్నం మాన్పించాను.

"గిట్ల కప్పమని ఎవరు చెప్పిండ్రు?" అన్నాడు.

మీ నాయన అన్నాను.

కోపమొస్తుందనుకున్నాను, రాలేదు. ఒకటే అడిగాడు. "నాయన క్యాంపుల ఇంక గట్లనే కప్పుతుండా?"

ఆ సెలవుల్లో వాడు మీ పలక మీది గోనె తీసేశాడట. అంతే చేశాడు. ఏళ్ల తరబడి అరకడుపుతో ఉన్న బ్యాటరీ అప్పటికే లోపల పాడై ఉంది, ఒకేసారి నిండా కరెంటు పడేసరికి ఉబ్బింది. అది బతుకుతుందేమోనని జీపెక్కి వెళ్లి తెచ్చింది నిజంగా బ్యాటరీలో పోసే నీళ్లే. వాగు నీళ్లు దానికి పనికిరావట. తమ్ముడూ, ఆ మాట వాడు అప్పుడే నాకు చెప్పాడు. నేనూ నమ్మలేదు.

రేపు పెబ్బేరు మీదుగా బస్సులో వనపర్తి పోయి, కార్డు వాళ్ల ముందు పెట్టి, తప్పు నాదని రాసిస్తాను.

సరోజ

*

బేస్ క్యాంపు
2 జూన్ 2025

సరోజక్కకు,

మీరిద్దరూ కలిసి నాకు చెబుతున్న కథ బాగుంది. ఇన్ని నెలలు దాచినదానివి, ఇప్పుడు చెప్పేది నిజమని నేనెట్లా నమ్మాలి? వెంకటన్న తెలివి తక్కువవాడు, నేను తెలివి తక్కువవాణ్ని, నా కొడుకు ఒక్కడే తెలివైనవాడు, అంతేనా?

ఈ పూట నుంచే గోనె తీసేస్తున్నాను. వాడి మాట తప్పని చూపించడానికే. పలక పగిలితే ముక్కలు మూట కట్టి నీకు పంపిస్తాను.

బావ ఆరోగ్యం రాయి.

ఇస్రాయేలు

*

బేస్ క్యాంపు
11 జూన్ 2025

అక్కకు,

పలక పగలలేదు.

నాలుగో రోజు తెల్లవారి ఆరుకు అలవాటు ప్రకారం చేతి సెట్టు తీసుకుని గుట్ట దారి పట్టాను. వెనక నుంచి క్యాంపు సెట్టు పిలిచింది. మొదట నాకు అర్థం కాలేదు. ఆ పూట ఆ సెట్టు గొంతు విని ఎన్నేళ్లయిందో. వెనక్కి వచ్చి తీశాను. రేంజి ఆఫీసు నుంచి, "ఇస్రాయేలూ, ఇయ్యాల గుట్టెక్కలేదా?" అన్నారు. "లేదు సార్, క్యాంపుల్నే ఉన్న" అన్నాను. ఆ తర్వాత ఆయన ఏం చెప్పాడో నాకు తెలియదు.

ఆ రోజంతా గస్తీకి పోలేదు. నువ్వు గుర్తులు చూశానని రాసిన మాటే తిరుగుతూ ఉంది. సాయంత్రం గుమ్మం ముందు మెట్టు పెళ్లగించి తిరగేశాను. మట్టి గీకితే అడుగున డిపార్ట్‌మెంటు వాళ్లు తెల్లరంగుతో వేసిన నంబరు కనబడింది. నా పెట్టెలో ఆ మెమో ఇంకా ఉంది. తీసి చూశాను. అదే నంబరు. వాడు ఏదీ అమ్మలేదు, ఏదీ మార్చలేదు. మాకిచ్చిన బ్యాటరీయే అది.

మెమో నా దగ్గరే ఉంది, బ్యాటరీ నా కాలి కిందే ఉంది. తొమ్మిదేళ్లు రోజూ దాని మీద అడుగేసి దిగాను, ఎక్కాను. ఒక్కసారి తిరగేసి చూడలేదు. చూస్తే వాడి తప్పు లేదని తేలుతుందేమోనని భయపడ్డానా, నాకే తెలియదు. పదిహేడేళ్ల పిల్లవాణ్ని దొంగా అన్నాను. సంచిలోంచి నీళ్ల సీసాలు తీసి చూపిస్తుంటే, వాటిని విసిరేశాను. అది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

వాడికి ఏమని రాయాలో తెలియడం లేదు. ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించు. పని తిరిగి ఇచ్చారా? ఇప్పుడు వాడికి ఇరవై ఆరేళ్లు. ఏం తింటాడో, ఎట్లా ఉంటాడో, నాకేమీ తెలియదు. మోకాలు బాగానే ఉంది. గుట్టెక్కే పని లేదు కదా.

నీ తమ్ముడు
ఇస్రాయేలు

*

ధరూరు,
23 జూన్ 2025

తమ్ముడికి అక్క వందనాలు.

మీ బావ లేచి తిరుగుతున్నాడు. రెండు వానలు పడ్డాయి. మబ్బుకు ఏడు, ఎనిమిది పండుతోంది, అయినా కూలర్ ఆపడం లేదు. కాంతమ్మ పలకల మీద నేరం మోపడం మానేసి, వాళ్లింటికి ఎన్ని కావాలో అడుగుతోంది. పట్టాలు విప్పి సంచులు తిరిగి పల్లికాయకు ఇచ్చేశాను.

కంపెనీ వాళ్లు నా కార్డు చూసి నవ్వారు. నవ్వితే నవ్వారు, వాడికి పనిముట్లు తిరిగి ఇచ్చారు. బియ్యం డబ్బాలోని పుల్ల మళ్లీ తగిలించాడు. ఎవరు చూసినా చూడనీ.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నీ ఉత్తరం చదివి వినిపించాను. సీసాలు విసిరేసిన చోట నేను ఆగితే, కాగితం తీసుకుని మిగిలింది వాడే చదువుకున్నాడు. మిద్దెక్కి పలకలు తుడిచాడు. వాన కడిగిన పలకలే, అయినా ఆరూ తుడిచాడు. దిగి వచ్చి చేతులు కడుక్కుంటూ, "జీపు ఏ వారం పోతదత్తా?" అన్నాడు. కొత్త బ్యాటరీలో కూడా ఎవరూ నీళ్లు చూసి ఉండరట, పోయి చూడాలట. సీసాలు రెండు కొని సంచిలో పెట్టుకున్నాడు. రేంజి వాళ్లను అడిగి వచ్చే శనివారం జీపులో వస్తున్నాడు. ఈ ఉత్తరం వాడికంటే ముందు నీకు చేరాలని ఈ పూటే పోస్టు చేస్తున్నాను.

జొన్నరొట్టే తింటాడు, కారం ఎక్కువ వేయకు.

ఒక్క పని చెయ్యి. ఆ బ్యాటరీని మళ్లీ గుమ్మం ముందు పెట్టావేమో, తీసేసి ఒక రాయి పెట్టు. వాడు దాని మీద కాలు పెట్టి నీ ఇంట్లోకి రాకూడదు.

నీ అక్క
సరోజ